రాజు అడుగు కొలిచి కొన్న చెస్ బోర్డు

మా ఇంట్లో పావుల సెట్టు ఒకటే, దాని కింద బోర్డులు మాత్రం మూడు మారాయి. మూడోది వచ్చి ఆరేళ్లు దాటింది. వారానికి నాలుగైదు రోజులు అన్నయ్యా నేనూ దాని మీదే ఆడతాం. మొదటి రెండూ ఎందుకు కుదరలేదో, ఇది ఎందుకు కుదిరిందో చెబుతాను. ఇష్టపడి పావులు ముందే కొనేసి, ఇప్పుడు వాటికి బోర్డు వెతుక్కుంటున్నవాళ్లకి ఇది బాగా పనికొస్తుంది.

ముందు పావుల సంగతి. స్టాంటన్ తరహావి. 1849లో నథానియల్ కుక్ పేరున ఇంగ్లండులో రిజిస్టర్ అయిన నమూనా అది, ఇప్పటికీ టోర్నమెంట్లలో వాడేది అదే. మా సెట్టులో తెల్లవి బాక్స్‌వుడ్, నల్లవి అదే చెక్కకి నల్లరంగు పట్టించినవి. రాజు ఎత్తు 95 మిల్లీమీటర్లు, అడుగు (గడి మీద ఆనే కింది భాగం) వెడల్పు 44. బంటు అడుగు 28. లోపల బరువు పెట్టారు, కింద ఫెల్ట్ అతికించారు. గుర్రాన్ని పట్టుకుని గడిలో పెడితే చప్పుడు కాకుండా నిలబడుతుంది. ఈ పావుల్ని మార్చాలని నాకు ఎప్పుడూ అనిపించలేదు.

మొదటి బోర్డు అంతకుముందు నుంచీ ఇంట్లో ఉన్న మడత బోర్డు. గడి 45 మిల్లీమీటర్లు. 44 అడుగున్న రాజుని అందులో పెడితే చుట్టూ గడి రంగే కనిపించదు. ఆట మొదలుపెట్టినప్పుడు సర్దుకోవచ్చులే అనుకున్నాం. క్యాజిలింగ్ (రాజుని మూలవైపు జరిపి, పక్కనే ఏనుగుని తెచ్చి పెట్టే ఎత్తు) అయ్యాక తెలిసింది అసలు ఇబ్బంది. రాజు, పక్కనే ఏనుగు, ముందు మూడు బంట్లు, వాటి ముందు గుర్రం. ఆ గుర్రాన్ని ఎత్తాలంటే వేళ్లు పక్క బంటుకి తగులుతాయి. బంటు కాస్త జరిగితే గీత మీదకి వచ్చేస్తుంది, అది జీ2 గడిలో ఉందా, జీ3 గడిలో ఉందా అని ఇద్దరం ఆగి చూసుకోవాలి. లెక్క వేసుకుంటున్న ఎత్తు కాస్తా అక్కడితో తెగిపోతుంది. మడత కీలు దగ్గర చిన్న మిట్ట కూడా ఉండేది, నాలుగు, అయిదు వరసల్లోని పావులు దాని మీదకి జరిగితే ఊగేవి. ఏడాది భరించి పక్కన పెట్టేశాం.

రెండోది కొనేటప్పుడు ఇరుకు భయం ఎక్కువై పెద్దదానికి పోయాను. గడి 63 మిల్లీమీటర్లు, చుట్టూ అంచుతో కలిపి 56 సెంటీమీటర్లు. ఫిడే (అంతర్జాతీయ చదరంగ సమాఖ్య) ప్రమాణాల్లో గడి 50 నుంచి 60 మిల్లీమీటర్ల దాకా ఉండాలి, ఇది అంతకంటే కాస్త పెద్దదే. మా పావులకి వదులైంది. మూల నుంచి మూలకి బిషప్ దారి చూడాలంటే కళ్లతో పాటు తల కూడా తిప్పాల్సి వచ్చేది. అయినా ఆ బోర్డుని మానేయడానికి కారణం కొలత కాదు, రంగు.

ముదురు గడులు దాదాపు నలుపు, పైన అద్దంలా మెరిసే పాలిష్. కొన్నరోజున చూసి మురిసిపోయాను. ఒక సాయంత్రం దీపం కింద ఆడుతున్నాం. నావి తెల్లవి. దాడి బాగా కుదిరిందనుకుని మంత్రిని ఎచ్5లో పెట్టాను. అన్నయ్య చెయ్యి నెమ్మదిగా ఎఫ్6 మీదకి వెళ్లింది. అక్కడ నా మంత్రిని కొట్టేయగల నల్ల గుర్రం ఉంది. ఎఫ్6 ముదురు గడి, గుర్రం నలుపు, దాని మీద దీపం మెరుపు. ఆ మూల మొత్తం నాకు ఖాళీగానే కనిపించింది. “ఒరేయ్, నిజంగా కనపడలేదా? వెనక్కి తీసుకో” అన్నాడు. తీసుకోలేదు కానీ ఆ రాత్రి బోర్డుని దీపం కింద అటూ ఇటూ తిప్పి చూశాను. తెల్ల గడిలో ఉన్న నల్ల పావు స్పష్టంగా ఉంది. నల్ల గడిలోకి జరపగానే దాని తల ఒక్కటే మిగిలింది, అడుగు గడిలో కలిసిపోయింది. మనం దూరం నుంచి పావు ఏ గడిలో ఉందో గుర్తుపట్టేది అడుగుని బట్టే కదా.

అందుకే మూడోసారి కొలత, రంగు రెండూ పావుల నుంచే మొదలుపెట్టాను. ఆటగాళ్లు చాలామంది వాడే లెక్క ఒకటుంది. రాజు అడుగు గడి వెడల్పులో 75 నుంచి 78 శాతం ఉండాలి. 44ని 0.77తో భాగిస్తే 57 వస్తుంది. రాజు ఎత్తుని బట్టి కొనకండి. ఒకే ఎత్తున్న రెండు సెట్లలో అడుగు వెడల్పు వేరుగా ఉంటుంది, ఎత్తులో 40 నుంచి 50 శాతం దాకా ఎంతైనా ఉండొచ్చు. అంటే 95 మిల్లీమీటర్ల రాజుకి అడుగు 38 కావచ్చు, 47 కావచ్చు. ఒకే బోర్డు ఈ రెండింటికీ కుదరదు. రెండో పరీక్ష ఫిడే చెప్పేదే: ఒక గడిలో నాలుగు బంట్లు పట్టాలి. మా బంట్లు రెండు పక్కపక్కన పెడితే 56, గడి 57. సరిగ్గా సరిపోయాయి.

అయినా ఈసారి అంకెల్ని నమ్మి ఊరుకోలేదు. కాగితం మీద 55, 57, 60 మిల్లీమీటర్ల గడులు తొమ్మిదేసి గీసి, క్యాజిలింగ్ అయిన రాజు మూలని పేర్చి, గుర్రాన్ని ఎత్తి చూశాను. 55లో వేలు ఇంకా తగిలింది, 57లో తగల్లేదు. పది నిమిషాల పని, ఇది ముందే చేసి ఉంటే రెండో బోర్డు కొనేవాణ్నే కాదు.

తెచ్చుకున్నది వాల్‌నట్, మేపుల్ బోర్డు. ముదురు గడులు మధ్యస్థమైన గోధుమరంగు, నల్ల పావుల కంటే బాగా లేత. తెల్ల గడులు కూడా బాక్స్‌వుడ్ పసుపుకంటే పాలిపోయి ఉంటాయి కాబట్టి తెల్ల పావులూ విడిగా తెలుస్తాయి. మెరుపు లేని పాలిష్. లోపల ఎమ్‌డీఎఫ్ (చెక్క పీచుని నొక్కి చేసిన పలక), పైన పల్చటి చెక్క పొర. నిండు చెక్క కాదని మొదట్లో కాస్త మనసు పీకింది, కానీ నిండు చెక్క తేమకి ఉబ్బి వంగే అవకాశం ఎక్కువ. ఇది ఆరేళ్లలో వంగలేదు, ఏ మూలా పావు ఊగలేదు.

చెక్క బోర్డు వద్దనుకునేవాళ్లు 57 మిల్లీమీటర్ల గడులున్న ఆకుపచ్చ వినైల్ చాప తీసుకోవచ్చు. ఈ సైజు పావులకి అది చక్కగా కుదురుతుంది, నల్ల పావులు ఆకుపచ్చ మీద బాగా కనిపిస్తాయి. చుట్టి పెడితే అంచులు లేస్తాయి. ఆడే ముందు కాసేపు ఎదురు దిక్కుకి చుట్టి ఉంచితే సర్దుకుంటుంది.

మా బోర్డులో ఒక లోపం ఉంది. అంచు మీద అంకెలూ అక్షరాలూ లేవు. ఎత్తులు రాసుకునేటప్పుడు కొత్తగా నేర్చుకునే పిల్లలు గడి పేరు కోసం తడుముకుంటారు. మొన్న అన్నయ్య కొడుకు అంచు చుట్టూ పెన్సిలుతో సన్నగా రాసి పెట్టుకున్నాడు, మేం తుడవలేదు.