మబ్బు ఎత్తు చెప్పే ఉపగ్రహ లేజర్లు: పర్లాకిమిడి నుంచి ఒక రివ్యూ

పర్లాకిమిడిలో ఇంటర్ పిల్లలకు ఫిజిక్స్ ట్యూషన్ చెబుతాను. వానాకాలం మొదలైతే ఒక ప్రశ్న తప్పదు: "సార్, ఆ మబ్బు ఎంత ఎత్తులో ఉంటాది?" మహేంద్రగిరి ఎత్తు 1,501 మీటర్లు. కాబట్టి శిఖరం మబ్బులో మునిగితే మబ్బు అడుగు అంతకంటే కిందే ఉందని చెప్పేయొచ్చు. అంతకు మించి కొండ సాయం చేయదు. అందుకే ఉచితంగా దొరికే ఉపగ్రహ లేజర్ సమాచారం వాడుతున్నాను. ముందే చెబుతున్నా, రేపు వడ్లు ఆరబోయొచ్చా లేదా అన్నది మాత్రం వీటిని అడక్కండి.

నా ఓటు కాలిప్సోకి. నాసా, ఫ్రాన్స్ అంతరిక్ష సంస్థ కలిసి 2006 ఏప్రిల్‌లో పంపిన ఈ ఉపగ్రహం 2023 ఆగస్టు 1న పని ముగించింది. ఆగిపోయినదానికి ఓటేంటని అడగొచ్చు. పదిహేడేళ్ల బొమ్మలు అలాగే ఉన్నాయి, పాఠానికి నిన్నటి మబ్బే కావాలని ఏముంది? సెకనుకు ఇరవై సార్లు లేజర్ కిందికి కొట్టేది, మబ్బుకు తగిలిన వెలుగులో కొంత వెనక్కి వచ్చేది, ఎంత సేపటికి వచ్చిందో లెక్కిస్తే ఎత్తు తేలేది. ఎనిమిది కిలోమీటర్ల లోపు 30 మీటర్ల తేడాను కూడా పట్టుకునేది. అంటే కాలంలో సెకనులో యాభై లక్షో వంతు! బోర్డు మీద ఈ లెక్క వేస్తే వెనక బెంచీ కూడా తలెత్తి చూస్తుంది.

బొమ్మ చదవడం తేలిక. నీలం అంటే దాదాపు ఖాళీ గాలి, పసుపు, ఎరుపు అంటే ఎక్కువగా దుమ్ము, పొగ, తెలుపు, బూడిద రంగు అంటే మబ్బు. తేదీ దగ్గరే కాస్త జాగ్రత్త. జులై 15న తెల్లవారకముందు ఒకటిన్నర ప్రాంతంలో మన మీదుగా పోయిన బొమ్మను 14వ తేదీ కింద, 20 గంటల దగ్గర వెతకాలి, ఎందుకంటే బొమ్మల మీది టైం గ్రీన్‌విచ్‌ది. పగటి బొమ్మల కంటే రాత్రివే ఎంచుకోండి. పగలు ఎండ వెలుతురు కలిసిపోయి బొమ్మంతా చుక్కలు చుక్కలుగా ఉంటుంది.

కాలిప్సో అసలు సత్తా పల్చటి మబ్బుల్లో ఉంది. మన వైపు వానాకాలంలో 15, 16 కిలోమీటర్ల ఎత్తున మంచు పలుకుల పొరలు పరుచుకుని ఉంటాయి. కొన్ని కంటికి కూడా ఆనవు. ఇన్సాట్ లాంటి ఉపగ్రహాలు మబ్బు వేడిని బట్టి ఎత్తు అంచనా కడతాయి. పొర పల్చగా ఉంటే కింది నేల వేడి కూడా అందులోంచి వచ్చి కలుస్తుంది, మబ్బు ఉన్నదాని కంటే కిందున్నట్టు తేలుతుంది. లేజర్‌కు ఆ గొడవ లేదు.

దట్టమైన మబ్బు దగ్గర మాత్రం చేతులెత్తేస్తుంది. 2018లో మా గజపతి జిల్లాను ముంచిన తిత్లీ లాంటి తుఫాను మీద పైకప్పు ఎత్తు చెబుతుంది, అంతే. కాస్త లోపలికి దిగేసరికి వెలుగు చెదిరి అయిపోతుంది. కొరాపుట్ ఘాట్‌లో పొగమంచు మీద హెడ్‌లైటు వేసినట్టే. పైగా కిరణం నేల మీద వంద మీటర్ల వెడల్పు కూడా దాటదు, అదే దారికి మళ్లీ రావడానికి పదహారు రోజులు పట్టేది. మీ ఊరు ఆ గీత మీద లేకపోతే పక్క జిల్లా మబ్బుతో సరిపెట్టుకోవాలి.

నాసా వాళ్ల ఇంకో లేజర్ ఉపగ్రహం ఐసీశాట్-2 ఇప్పటికీ తిరుగుతోంది, కానీ దాని పుట్టుకే మంచు మందం కొలవడానికి. మబ్బుల కోసం మనలాంటి వాళ్లకు సిఫారసు చేయను. సెకనుకు పది వేల సార్లు కొడుతుంది కాబట్టి తిరిగొచ్చిన వెలుగు ఏ దెబ్బదో తేలక 15 కిలోమీటర్లకోసారి లెక్క మొదటికొస్తుంది. 16.5 కిలోమీటర్ల ఎత్తున్న మబ్బు 1.5 దగ్గర తేలుతుంది. అంటే మన మహేంద్రగిరి శిఖరం ఎత్తులో! తెలియనివాళ్లు కొండ మీది మబ్బే అనుకుంటారు.

కొత్తది కావాలంటే 2024 మేలో యూరప్, జపాన్ కలిసి పంపిన ఎర్త్‌కేర్ ఉంది. అతినీలలోహిత లేజర్, పక్కనే రాడార్. పల్చటి పొర లేజర్‌కు, దట్టమైనది రాడార్‌కు. సరుకు మేలైనదే, కానీ ఫైళ్లు తెరిచి బొమ్మ గీయాలంటే పైథాన్ ప్రోగ్రామింగ్ వచ్చి ఉండాలి. ఇంజనీరింగ్ చదివే పిల్లలుంటే వాళ్లకు అప్పగించండి.

ఇక మబ్బు అడుగు ఎత్తే కావాలంటే లేజర్ ఉపగ్రహాల జోలికి పోవద్దు. విశాఖ విమానాశ్రయం ఇచ్చే మెటార్ అనే వాతావరణ రిపోర్టు చూడండి. అందులో మబ్బు అడుగు ఎత్తు వందల అడుగుల్లో ఉంటుంది, ఆ అంకెను వందతో గుణించి 3.28తో భాగిస్తే మీటర్లు.