షోపాన్ ప్రెల్యూడ్‌లు, తొలి ముద్రణలు: ఒక పొడుగు యాక్సెంట్ కోసం

పియానో స్వరకర్త షోపాన్ రచనల తొలి ముద్రణలను బార్‌కు బార్ (స్వరలిపిలో రెండు నిలువు గీతల మధ్య భాగం) పక్కపక్కన పెట్టి చూపించే ఈ ఉచిత ఆన్‌లైన్ సదుపాయాన్ని కొన్నేళ్లుగా నేను వదలకుండా వాడుతున్నానంటే అందుకు కారణం ఒక్కటే, స్వరాన్ని నొక్కి పలికించమనే యాక్సెంట్ గుర్తు (>). ఓపస్ 28గా వెలువడిన ప్రెల్యూడ్‌ల (చిన్న పియానో రచనల) స్వదస్తూరి ప్రతిలో ఆయన ఆ గుర్తును ఒకచోట పొట్టిగా, మరోచోట పక్క స్వరం మీదికి సాగేంత పొడుగ్గా గీశాడు. పొడుగు గుర్తును నేను మీటను గట్టిగా కొట్టమన్న ఆజ్ఞగా కాక, ఆ స్వరం మీద బరువు ఆనించి మెల్లగా దించుకొమ్మన్న సూచనగా తీసుకుంటాను. అచ్చు పలక మీదికి వచ్చేసరికి అది తరచుగా మామూలు పొట్టి యాక్సెంట్‌గా కుదించుకుపోతుంది, లేదా డిమిన్యుయెండో (ధ్వనిని క్రమంగా తగ్గించమనే) గీతగా మారిపోతుంది. ఆ మార్పును స్వదస్తూరి పక్కనే, అదే బార్‌లో చూడగలగడం నాకు ఇప్పటికీ పండగే.

అయితే ప్రతుల వంశం తెలియకుండా పోల్చితే ప్రయోజనం తక్కువ. 1839లో పారిస్‌లో కాట్లాన్ వేసిన ముద్రణకు స్వదస్తూరి ప్రతి ఆధారం కాగా, లైప్‌చిగ్‌లో బ్రైట్‌కోఫ్ సంస్థ వేసినదానికి షోపాన్ మిత్రుడు యూలియన్ ఫొంటానా రాసిన నకలు ఆధారం. లండన్‌లో వెస్సెల్ పారిస్ ముద్రణనే అనుసరించాడు. కాబట్టి లండన్, పారిస్ ప్రతులు ఏకీభవించినంత మాత్రాన ఇద్దరు సాక్షులు దొరికినట్టు కాదు.

స్లర్‌ల (స్వరాలను తెంపకుండా కలిపి వాయించమనే వంపు గీతల) దగ్గర మాత్రం ఈ సదుపాయం నన్ను విసిగించింది. ఒక నెమ్మది ప్రెల్యూడ్ నేర్చుకుంటున్న నా శిష్యురాలు తెర మీద ఒక బార్ చూపించి, "ఇక్కడ చెయ్యి ఎత్తాలాండీ?" అని అడిగింది. ఒక ముద్రణలో స్లర్ ఆ బార్ చివర ఆగినట్టుంది, మరోదానిలో నిరాటంకంగా సాగుతోంది. పూర్తి పేజీ తెరిచాక అసలు సంగతి తేలింది: మొదటిదానిలో వరుస అక్కడితో అయిపోయింది, స్లర్ తోక బార్ గీత దాటి అంచు దాకా ఉంది, బొమ్మను బార్ గీత దగ్గర కత్తిరించడంతో ఆ తోక ఎగిరిపోయింది. స్వదస్తూరిలోనూ చిక్కు లేకపోలేదు. షోపాన్ వరుస చివర స్లర్‌ను తెరిచి వదిలి, కింది వరుసలో దాన్ని అందుకోకుండా సాగిపోయిన చోట్లున్నాయి. కనుక స్లర్ విషయంలో బార్ ముక్కను చూసి ఏ నిర్ణయానికీ రాకపోవడం మేలు.

ఇది ఉంటే ఉర్‌టెక్స్ట్ పుస్తకం (మూల ప్రతులను పోల్చి సంపాదకుడు సిద్ధం చేసిన ముద్రణ) కొననక్కర్లేదని కొత్తలో నలుగురికీ చెప్పేవాణ్ణి. ఇప్పుడంత ధీమాగా చెప్పను, ఎందుకంటే సంపాదకుడి వ్యాఖ్య ఒక్క వాక్యంలో తేల్చేదాన్ని తెర మీద తేల్చుకోవడానికి నాకు పూట పడుతుంది. ఇంట్లోనే పాఠాలు చెప్పుకునే నాకు ఆ తీరికా, పెద్ద మానిటరూ ఉన్నాయి కాబట్టి గిట్టుబాటవుతోంది. గ్రేడ్ పరీక్షకు మూడు ముక్కలు సిద్ధం చేసుకునే పిల్లలకు నిర్ణీత పుస్తకం చాలు. ఫోన్‌లో చూడాలనుకునేవారికి మాత్రం సిఫారసు చేయను. ఆ తెర మీద స్టకాటో (స్వరాన్ని తుంచి వాయించమనే) చుక్క ఏదో, పాత కాగితం మీది మచ్చ ఏదో పోల్చుకోవడం నా కళ్లకైతే సాధ్యపడలేదు.