నీళ్లు కనిపించే గదికి ఏడు వందలు అదనం

ఏప్రిల్ మొదటి వారంలో గుంటూరు వాళ్లెవరూ సరదా ప్రయాణాలు పెట్టుకోరు. మిర్చి ఘాటుకు తుమ్ముకుంటూ పగలంతా తలుపులు బిగించుకుని, పొద్దుగూకాక మేడ మీద నీళ్లు చల్లుకుని కూర్చుంటారు. మా బావమరిదికి సెలవు దొరికేది మాత్రం అప్పుడే. అమెరికాలో కాలిఫోర్నియా రాష్ట్రపు శాక్రమెంటోలో పదేళ్లుగా ఉంటున్నాడు. “పెళ్లిళ్లు, గుళ్లు చాలు బావా, ఈసారి అడవి చూపించు” అన్నాడు. అది 2024. అంతకు ముందరి ఆగస్టు 1901 నుంచి చూస్తే దేశంలోనే అతి తక్కువ వాన పడిన ఆగస్టని వాతావరణ శాఖ లెక్క తేల్చింది. అలాంటి ఏడాది ఎండాకాలంలో అడవికా అని మా ఆవిడ నవ్వింది. కారులో ఇరవై లీటర్ల నీళ్ల డబ్బాలు రెండు పెట్టి మమ్మల్ని సాగనంపింది.

మొదటి రోజు ఉప్పలపాడు. గుంటూరుకు కూతవేటు దూరం కాబట్టే మా వీధిలో సగం మంది ఇంకా చూడలేదు. ఊరి చెరువు మధ్యలో చెట్ల మీద, పక్షుల కోసం నిలబెట్టిన ఇనుప స్టాండ్ల మీద గూడబాతులు, ఎర్రకాళ్ల కొంగలు. అసలు హడావుడి మార్చితో సరి, మేం చూసింది తోక భాగం. ఆలస్యంగా పొదిగిన పిల్లలు ఇంకా గూళ్లలోనే ఉన్నాయి. ఎనిమిది దాటేసరికి ఎండ చురుక్కుమంది. ఒక కొంగ గూటి మీద నిలబడి రెక్కలు సగం విప్పి గొడుగులా పట్టింది. దాని కింద రెండు పిల్లలు, నీడ ఎటు జరిగితే అటు ఒత్తుకుంటూ. కాసేపటికి రెండో కొంగ వచ్చి, నోటితో తెచ్చిన నీళ్లు వాటి మీద ధారగా వదిలింది. పక్క చెట్టు మీద గూడబాతు గొంతుకింది సంచిని ఆగకుండా అదిలిస్తోంది. కుక్క నాలుక వేలాడేసి రొప్పడం లాంటిదే అది. మా వాడు కెమెరా దించేసి ఊరికే చూస్తూ ఉండిపోయాడు.

గట్టు మీద టీ పోసే పెద్దాయన మాట మరిచిపోలేను. “కాలువలు ఆగితే వీటికి దగ్గర్లో చేప దొరకదు బాబూ. తిండికి కృష్ణ దాకా ఎగరాలి. ఎగిరేవి ఎగురుతాయి, గూట్లోవి ఎదురుచూస్తాయి.” చెరువు వాసన ముక్కులు బద్దలు కొడుతుంది, ఆ మాట దాచను. ఆ వాసనలోనే కాపురం ఉంటూ, చెరువును పిట్టలకు వదిలేసిన ఊరది. టిఫిను మాత్రం గుంటూరులోనే కానిచ్చి వెళ్లండి. నాలుగు రోజుల్లో నేను నూటికి నూరు మార్కులు వేసింది ఈ ఒక్క చోటుకే.

సాయంత్రం కొండవీడు. రెడ్డిరాజుల కోట, పైన చెరువులు, ఘాట్ రోడ్డు, ఇవన్నీ గుంటూరు వాళ్లకు తెలిసినవే. ఎండాకాలం నాలుగున్నర లోపు ఎక్కకండి, రాళ్లు వేడి కక్కుతుంటాయి. ఒక మలుపులో వాలంతా నల్లగా కాలి ఉంది. దిగి చూశాం. గడ్డి మొదళ్లు గుండు కొట్టిన తలలా ఉన్నాయి, చెప్పు కింద బూడిద పొడిపొడిగా నలిగింది. సీతాఫలం పొదలు కొమ్మల దాకా మాడినా, ఒకదాని మొదట్లో మాత్రం చిటికెనవేలంత పచ్చటి చిగురు. మంటలార్పడానికి మనవాళ్ల ఆయుధం పచ్చి కొమ్మ. మంట అంచు వెంట నడుస్తూ దానితో బాది ఆర్పుతారు. విమానాల్లోంచి ఎర్రమందు చల్లే రాష్ట్రం నుంచి వచ్చిన వాడికి అది నమ్మశక్యం కాలేదు.

రెండో రోజు సత్తెనపల్లి, పిడుగురాళ్ల మీదుగా మాచర్ల వైపు. ఎన్నికల కోడు అమల్లో ఉంది, నాలుగు చోట్ల డిక్కీ తెరిపించారు. నోట్ల కట్టల కోసం వెతికిన వాళ్లకు నీళ్ల డబ్బాలు కనిపించాయి. ఒక కానిస్టేబుల్ సీసా నింపుకున్నాడు. ఎండలకు పేరుపడ్డ రెంటచింతల దాటేటప్పుడు కిటికీ అద్దం మీద చెయ్యి ఆనలేదు.

సాగర్ ఒడ్డున ఒక బసలో ముందే డబ్బు కట్టి గది తీసుకున్నాం. పేరు వద్దు. మామూలు గది 1,800, నీళ్లు కనిపించే గదికి ఏడు వందలు అదనం. కిటికీ తెర తీస్తే బీటలు వారిన ఒండ్రు, దాని మీద మేకలు, ఆ మేకల అవతల ఎక్కడో వెండి దారంలా నీళ్లు. జలాశయం నిండితే 590 అడుగులు. అప్పటికి మట్టం 510 అడుగుల దరిదాపుల్లో ఉంది. ఆ 510కి దిగితే కాలువలకు నీరివ్వడమే కష్టం. అది బస వాళ్ల తప్పు కాదు. కాని ఫోనులో రెండు సార్లు అడిగాను, రెండు సార్లూ “వ్యూ బ్రహ్మాండం సార్” అన్నారు. అది తప్పు. స్నానాల గదిలో కుళాయి తిప్పితే గాలి వచ్చింది. ట్యాంకరు రాత్రి పదింటికి వచ్చింది. మేం ఇంటి నుంచి తెచ్చిన డబ్బాతో ముఖాలు కడుక్కున్నాం. పప్పు, గోంగూర మాత్రం బాగున్నాయి, అబద్ధం ఆడకూడదు. ఆ రోజు నాగార్జునకొండకు బోటు లేదు.

మర్నాడు ఎత్తిపోతల. చంద్రవంక డెబ్భై అడుగుల మీద నుంచి దూకే చోటు. మేం వెళ్లినప్పుడు దూకడం లేదు, జారుతోంది. అయితే ఒక లాభం: నీళ్లు తగ్గడంతో కింద మడుగులో మొసళ్లు లెక్కపెట్టుకునేంత స్పష్టంగా కనిపించాయి. అనుపులో కాసేపు నీడన కూర్చుని, యర్రగొండపాలెం మీదుగా దోర్నాల చేరాం. అక్కడి లాడ్జి యజమాని నేను అడగకముందే ఫోనులో చెప్పాడు: “పొద్దున ఆరు నుంచి ఎనిమిది దాకే నీళ్లండీ. గదిలో డ్రమ్ము నింపి పెడతాను. ఏసీ పాతది, చప్పుడు చేస్తుంది.” తొమ్మిది వందలు. డ్రమ్ము నిండుగా ఉంది, ఏసీ చప్పుడు చేసింది. ఎండాకాలం ఇలాంటి మనిషి దొరికితే నక్షత్రాల హోటళ్లు ఎందుకు?

శ్రీశైలం దారిలో తుమ్మలబైలు దగ్గర జీపు సఫారీ. తెల్లారగానే మొదటి జీపు పట్టుకోండి, తొమ్మిది తర్వాత వెళ్లడం దండగ. మా వెంట వచ్చిన చెంచు కుర్రవాడు ముందుగా అగ్గిపెట్టెలు, లైటర్లు అడిగి తీసుకున్నాడు. దారి వెంట ఎండుటాకు ఊడ్చిన ఖాళీ పట్టీలు, అవే ఫైర్‌లైన్లు. ఫిబ్రవరి నుంచి ఆకు రాలుతుంది, ఆ తర్వాత ఎవరో విసిరిన బీడీ ముక్క చాలు. కొత్త గడ్డి కోసం కొందరు, తునికాకు చిగుళ్ల కోసం మరికొందరు కావాలనే అంటిస్తారు. ఉపగ్రహం మంటను పసిగడితే అటవీ సిబ్బంది ఫోనుకు సందేశం వస్తుందట. వచ్చాక నడిచి వెళ్లాల్సింది మాత్రం ఇతని లాంటి వాళ్లే.

పులి కనిపించలేదు. కాని ఆకు లేని అడవిలో చూపు ఎంత దూరం పోతుందో! ట్యాంకరుతో నింపే సిమెంటు తొట్టి దగ్గర ఆరు దుప్పులు, ఒక నెమలి, కాస్త ఎడంగా అడవిపంది. మేం మురిసిపోతుంటే కుర్రవాడు అన్నాడు: “మీకు తేలిగ్గా కనిపిస్తే ఉచ్చులేసే వాళ్లకూ తేలికే సార్. ఈ నెలల్లో తొట్ల చుట్టూ వెతకడమే మాకు పెద్ద పని.” మన దగ్గర 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద వేట నేరం. కరువు ఏడాదిలో దొంగవేటగాడికి అడవంతా తిరిగే శ్రమ ఉండదు, తొట్టి పక్కన కాచుకుంటే చాలు.

అప్పుడు మా వాడు తన సహోద్యోగి సంగతి చెప్పాడు. ఆయన ఏటా లైసెన్సు తీసుకుని చట్టప్రకారమే జింకల వేటకు వెళతాడట. 2021 ఆగస్టు 31 రాత్రి నుంచి మంటల భయంతో కాలిఫోర్నియాలోని జాతీయ అడవులను దాదాపు అన్నింటినీ రెండు వారాలు మూసేశారు. అనుమతి చీటీ జేబులో ఉంది, అడవికి గేటు పడింది. గుడారాలు వేసేవాళ్లు, కొండలెక్కేవాళ్లు కూడా వెనక్కే. “మీ సఫారీ కూడా మూస్తారా?” అని అడిగాడు. ఇక్కడ మూసేది జూలై నుంచి సెప్టెంబరు దాకా, జంతువులు జతకట్టే కాలమని. మంటల నెలల్లో మనల్ని రానిస్తున్నారు, అగ్గిపెట్టె అడిగి మరీ. అది సబబేనా అన్నది నాకు ఇంకా తేలలేదు. వెళ్లి వచ్చిన వాణ్ణి కాబట్టి గట్టిగా మాట్లాడే హక్కూ లేదు.

ఆగస్టులో సాగర్ గేట్లు ఎత్తారు. ఆ బస వాళ్లు నాకు వీడియో పంపారు: కిటికీ నిండా నీళ్లు, “ఇప్పుడు రండి సార్” అని. అదనం ఏడు వందలు కాస్తా పన్నెండు వందలైంది. వీడియోను మా బావమరిదికి పంపాను. వాళ్ల రాష్ట్రంలోనే చికో పట్టణం దగ్గర జూలై 24న అంటుకున్న ‘పార్క్ ఫైర్’ అనే కార్చిచ్చు అప్పటికే నాలుగు లక్షల ఎకరాలు దాటింది. జవాబుగా పొగలో ఎర్రగా మసకబారిన సూర్యుడి ఫొటో వచ్చింది. దాని కింద ఒక్క వాక్యం: “గది ఉంచమను బావా.”