లారంతుకా దాటితేనే పాట దొరుకుతుంది

ఇండోనేషియాలోని ఫ్లోరెస్ దీవి తూర్పు కొసకి వెళ్లే వాళ్లలో చాలామంది ఈస్టర్ వారంలో లారంతుకా పట్టణంలో జరిగే ఊరేగింపు చూడ్డానికే వెళ్తారు. పోర్చుగీసు కాలం నుంచి వస్తున్న మరియమ్మ విగ్రహం, కొవ్వొత్తులు, సందు లేని జనం. చూడదగ్గదే, కాదనను. కానీ మీకు కావలసింది ఇక్కడి లమహోలోట్ తెగవాళ్లు రాత్రంతా పాడే కథాగానమైతే మాత్రం ఆ వారం అక్కడికి పోకండి. గదులు దొరకవు, దొరికితే అద్దె రెట్టింపు. బండ్లన్నీ భక్తులకే బుక్కయిపోతాయి. పల్లెల్లో పాడేవాళ్లు కూడా కేథలిక్కులే కాబట్టి వాళ్లూ గుడి పనుల్లోనే ఉంటారు.

మనవాళ్లకి వీసా విమానాశ్రయంలోనే ఇస్తారు, 5 లక్షల రూపాయలు. వాళ్ల రూపాయలు లెండి, కంగారు పడకండి. నేను బాలి నుంచి ఫ్లోరెస్‌లోని మౌమెరె దాకా విమానంలో, అక్కణ్ణించి లారంతుకాకి కారులో వెళ్లాను. కొండదారి, సుమారు నాలుగు గంటలు, కడుపులో తిప్పేవాళ్లు మాత్ర వేసుకుంటే మంచిది. దారి లెవొతొబి అగ్నిపర్వతం పక్కనుంచే పోతుంది. 2024 నవంబర్‌లో అది పేలినప్పుడు కొండ కింది ఊళ్లు ఖాళీ అయ్యాయి, బాలిలో కూడా విమానాలు ఆగిపోయాయి. టైమున్నవాళ్లకి తిమోర్ దీవిలోని కుపాంగ్ నుంచి రాత్రి ఫెర్రీ ఉంది. చవక, కానీ నిద్ర మీద ఆశ వదులుకోవాలి.

లారంతుకాలో సముద్రం పక్కన ఓ చిన్న హోటల్లో దిగాను. ఏసీ ఉంది, స్నానానికి తొట్టి, మగ్గు. కిటికీలోంచి జలసంధి అవతల అదొనారా దీవి కనిపిస్తుంది. పొద్దున టిఫిన్ కింద ఫ్రైడ్ రైస్ తప్ప మరో మాట లేదు. హోటల్ బాగానే ఉంది గానీ ఊళ్లో కారు మాట్లాడిపెట్టిన ఏజెంటే విసిగించాడు. ఒప్పుకున్న రేటు దారిలో పెరిగింది. అతనే సాయంత్రం 'ప్రోగ్రాం' ఒకటి పెట్టించాడు. ఇకత్ బట్టలు కట్టిన అమ్మాయిలు, కుర్రాళ్లు చేతులు కలిపి గుండ్రంగా ఆడుతూ పాడే సోలే ఒహా, గంటలో ముగిసింది. సరదాగానే ఉంది. ఫొటోలకి అది చాలు, కథకి చాలదు.

కథ ఉండేది ఉత్తరాన తంజుంగ్ బుంగా ద్వీపకల్పంలో. వైక్లిబాంగ్ అక్కడ మండల కేంద్రం లాంటిది. హోటళ్లు లేవు. లారంతుకా హోటల్ యజమాని ఫోన్ చేసి ఓ రిటైర్డ్ టీచర్ ఇంట్లో గది మాట్లాడిపెట్టాడు. దోమతెర, పలచటి పరుపు, పెరట్లో బాత్రూం. శుభ్రతకి నా మార్కులు లారంతుకా హోటల్ కంటే దీనికే ఎక్కువ. శాకాహారులకి మాత్రం కష్టం. అన్నం, ఆకుకూర, చేప, మళ్లీ చేప. నా ఆవకాయ సీసా నాకంటే ముందు వాళ్లే ఖాళీ చేశారు.

పొద్దున్నే టీచర్ గారి భార్య జగుంగ్ తితి చేస్తుంటే పక్కనే కూర్చున్నాను. మొక్కజొన్న అటుకులన్న మాట. మట్టి కుండలో వేగుతున్న గింజల్ని ఒట్టి వేళ్లతో రెండేసి తీసి, రాతి మీద పెట్టి, ఇంకో రాయితో ఠప్పున ఒక్క దెబ్బ. వేళ్లు తీయడం, రాయి పడడం మధ్య రెప్పపాటు కూడా లేదు. నేను ఒకటి చేయబోతే, "వద్దు నాయనా, ఈ వేళ్లతో ఇంకా తినాలి కదా నువ్వు" అంది.

పాట పొలాన్ని బట్టి ఉంటుంది. వానలకి మెట్టవరి వేస్తారు. విత్తనాల పూజ, కోత, గాదె నింపడం, ఇవీ సందర్భాలు. ఎవరో టూరిస్టు వచ్చాడని పాడరు. అందుకే తారీఖు మనం పెట్టుకోకూడదు, టీచర్ గారిని కనుక్కుని పెట్టుకోవాలి. వక్క, తమలపాకు, ఓ సీసా సారా తీసుకెళ్లి పెద్దల ముందు పెట్టాలి. ఫోన్ బయటికి తీసే ముందు అడగాలి. మొదట్లో వద్దన్నారు, నడిరాత్రి తర్వాత వాళ్లే తియ్యమన్నారు.

కథ తోను వుజొ అనే అమ్మాయిది. ఊరు ఆకలితో ఉంటే ఆమె తనను పొలంలో బలి ఇమ్మని అన్నదమ్ములకి చెబుతుంది. ఆమె ఒంట్లోంచి వరి మొలుస్తుంది. కథకుడు పాదం పాదం అందిస్తుంటే వంతవాళ్లు అందుకుంటారు, చుట్టూ చేతులు పట్టుకున్న వలయం అడుగేస్తూ తిరుగుతుంది. మాటలు జంటలుగా వస్తాయి, ఒక్కటే సంగతి రెండు రకాలుగా చెప్తారు. ఆమె నడిచిన దారిలోని ఊళ్లు, రేవులు, కొండలు ఒక్కొక్కటే పేరు పెట్టి పాడతారు. అక్కడ పుట్టిన కుర్రాళ్లే సగం అర్థం కాదన్నారు, ఇక నేనెంత! టీచర్ గారు గంటకోసారి 'ఇప్పుడు ఫలానా రేవు దాటింది' అని చెవిలో చెప్పేవారు.

అన్నిటికంటే వింత ఇద్దరేసి కలిసి పాడే పాటలు. రెండు గొంతులూ ఒకే స్వరం మీద కలవవు. పక్కపక్క స్వరాల మీద నిలబడి ఒకదాన్నొకటి ఒరుసుకుంటూ ఉంటాయి. శ్రుతికి అలవాటైన చెవికి మొదట తప్పు పాడుతున్నారనిపిస్తుంది. గంట గడిచాక ఆ ఒరిపిడి కోసమే ఎదురుచూస్తాం. 1930లో ఇక్కడికి వచ్చిన డచ్చి సంగీత పరిశోధకుడు యాప్ కున్స్ట్ దీన్ని విని ఐరోపాలోని బాల్కన్ ప్రాంతపు పల్లెపాటలు గుర్తొచ్చాయన్నాడు. ఈ మధ్య ఫ్రెంచి పరిశోధకురాలు డానా రపొపోర్ ఈ పాటల్ని దగ్గరుండి రికార్డు చేసింది.

ఓపిక ఉంటే లెంబాతా దీవిలోని లామలెరా అనే పల్లె కూడా చూడొచ్చు. ఆ దీవిలోని పట్టణం లెవొలెబా నుంచి లారీలో ఒళ్లు హూనమవుతుంది. మే 1న పూజ చేసి తిమింగలాల వేటకి పడవలు దింపుతారు, తెడ్లేస్తూ పాడే పాటలు వినొచ్చు. హోంస్టేలు వైక్లిబాంగ్ కంటే నయం, విదేశీయులు అలవాటే. వేట చూడలేని వాళ్లు వెళ్లకపోవడమే మంచిది.

డబ్బు లారంతుకా ఏటీఎంలోనే తీసుకోండి. తిరుగు విమానానికి ముందు రెండు రోజులు ఖాళీ ఉంచుకోండి. కొండ ఎప్పుడు బూడిద కక్కుతుందో తెలీదు, కోతల పాట కూడా అనుకున్న రాత్రికే మొదలవ్వాలని లేదు.