ది అమెరికన్స్: కథ తెలిశాక కూడా

సస్పెన్స్ సిరీస్‌ని రెండోసారి చూడటం టైం వేస్ట్ అంటారు చాలామంది. 'ది అమెరికన్స్' విషయంలో ఆ మాట ఒప్పుకోను. ప్రసారమైన రోజుల్లో ఒకసారి, కొన్నేళ్లకు మొదటి నుంచి ఇంకోసారి, ఈమధ్య ముక్కలుముక్కలుగా మళ్లీ చూశాను. చూసినకొద్దీ హీరో హీరోయిన్ల మీద జాలి తగ్గి, వాళ్ల చేతికి చిక్కినవాళ్ల మీద పెరుగుతోంది. (కొంత కథ చెప్పక తప్పదు, ముగింపు మాత్రం చెప్పను.)

2013 నుంచి 2018 దాకా ఎఫ్ఎక్స్ ఛానల్లో ఆరు సీజన్లు, 75 ఎపిసోడ్లు వచ్చింది. కథ 1981లో, రీగన్ కొత్తగా అధ్యక్షుడైనప్పుడు మొదలవుతుంది. వాషింగ్టన్ శివార్లలో ట్రావెల్ ఏజెన్సీ నడిపే ఫిలిప్, ఎలిజబెత్ నిజానికి సోవియట్ గూఢచారి సంస్థ కేజీబీ మనుషులు. వాళ్ల కాపురం కూడా పైవాళ్ల ఆర్డరే. పిల్లలిద్దరికీ ఏమీ తెలీదు. ఎదురింట్లోకేమో ఎఫ్‌బీఐ ఏజెంట్ దిగుతాడు. మరీ విడ్డూరం అనిపిస్తుంది గానీ, 2010లో అమెరికాలో పట్టుబడ్డ రష్యన్ గూఢచారుల్లో ఇలా పిల్లలతో కాపురం చేస్తున్న జంటలు నిజంగానే ఉన్నాయి. ఈ సిరీస్‌కు బీజం ఆ కేసే. దీన్ని సృష్టించిన జో వైస్‌బర్గ్ కూడా ఒకప్పటి సీఐఏ ఉద్యోగి.

నన్ను వదలనిది మార్తా. ఎఫ్‌బీఐ ఆఫీసులో సెక్రటరీ. ఫిలిప్ విగ్గు, కళ్లజోడు పెట్టుకుని, క్లార్క్ అనే పేరుతో ఆవిడని ఏకంగా పెళ్లే చేసుకుంటాడు. మొదటిసారి ఆ సీన్లు కాస్త కామెడీగా తోచాయి. జరగబోయేది తెలిసి చూస్తే నవ్వు రాదు. అతని మాట నమ్మి బాస్ గదిలో రికార్డర్ దాచిన పెన్ను పెడుతుంది పాపం. అలిసన్ రైట్ ఆ పాత్రలో ఎక్కడా అతి చేయలేదు. నాలుగో సీజన్లో యంగ్ హీ కథ ఇంకా దారుణం. ఎలిజబెత్ మనసారా నవ్వేది ఆ స్నేహితురాలి ఇంట్లోనే, చివరికి పని కోసం ఆ ఇంటినే కూల్చేస్తుంది.

కూతురు పెయిజ్ చర్చికి వెళ్లడం మొదలుపెట్టినప్పుడు ఎలిజబెత్‌కు వచ్చే కోపం చూడాలి. పరాయి దేశంలో పిల్లల్ని పెంచుతున్న మనవాళ్లకు ఆ టెన్షన్ వెంటనే అర్థమవుతుంది. మూడో సీజన్లో డెంటిస్ట్ దగ్గరికి వెళ్లే వీల్లేక, ఇంటి బేస్‌మెంట్లో ఫిలిప్ ఎలిజబెత్ పన్ను పీకే సీన్లో ఒక్క డైలాగు లేదు. వాళ్లిద్దరూ నిజంగా భార్యాభర్తలని నేను నమ్మింది అక్కడే. ఫిలిప్‌గా చేసిన మాథ్యూ రీస్‌కు 2018లో టీవీ అవార్డు ఎమ్మీ వచ్చింది, సంతోషమే. ఎలిజబెత్‌గా చేసిన కెరి రసెల్‌కు ఈ పాత్రకు ఒక్కసారీ రాకపోవడం మాత్రం అన్యాయం.

ఐదో సీజన్ నత్తనడక. గోధుమల గొడవ సాగీ సాగీ విసిగిస్తుంది, మళ్లీ చూసినా నా అభిప్రాయం మారలేదు. అక్కడ ఆపేసినవాళ్లు దయచేసి ఆరో సీజన్‌కు వెళ్లండి, పదే ఎపిసోడ్లు. చివర్లో ఒక పార్కింగ్ గ్యారేజీలో నడిచేదంతా మాటలే, అయినా ఊపిరి ఆడదు.

చాలా సీన్లలో రష్యన్లు తమలో తాము రష్యన్‌లోనే మాట్లాడుకుంటారు, కాబట్టి ఫోన్ చూసుకుంటూ చూస్తే కథ అందదు. పడకగది సీన్లు, సూట్‌కేసులో శవాన్ని కుక్కే సీన్ లాంటివి ఉన్నాయి. ఇంట్లో అందరూ పడుకున్నాక పెట్టుకోండి.