మియాటాతో 14 ఏళ్లు, పక్కనే ఒక లెక్కల పుస్తకం

పోయిన అక్టోబరులో సరుకుల కోసం కొట్టు ముందు కారు ఆపి, లోపలికి వెళ్లి వచ్చేసరికి వైపర్ కింద ఒక చీటీ కనిపించింది. "అమ్ముతారా? 7,500 ఇస్తాను" అని రాసి కింద ఫోన్ నంబరు ఇచ్చారు. 2010లో ఇదే కారును నేను 3,200 డాలర్లకు కొన్నాను. చీటీ చూసి మా ఆవిడ, "మీరు షేర్లలో పెట్టిన వాటికన్నా ఇదే నయం కదండీ" అంది. ఆ మాటలో నిజమెంతో తేల్చుకుందామని ఆ రాత్రే పాత బిల్లులన్నీ ముందేసుకుని కూర్చున్నాను.

కారు 1994 మాజ్డా మియాటా. ఎరుపు రంగు, అయిదు గేర్ల మాన్యువల్, రెండే సీట్లు. ఉండేది పెన్సిల్వేనియాలో. నా చేతికి వచ్చేటప్పటికి 92,000 మైళ్లు తిరిగింది, ఇప్పుడు 1,41,000.

ఈ కారు కథ తెలియనివాళ్ల కోసం రెండు మాటలు. 1989 ఫిబ్రవరిలో షికాగో ఆటో షోలో మొదటిసారి చూపించారు. పాత బ్రిటిష్ ఓపెన్ కార్ల సరదాను జపాన్ కార్ల నమ్మకమైన పనితనంతో కలిపి ఇవ్వాలన్నది ఆలోచన. మొదట్లో 1.6 లీటర్ల ఇంజిన్, 116 హార్స్‌పవర్. 1994 నుంచి 1.8 లీటర్లు, 128 హార్స్‌పవర్. అంకెలు చూసి నవ్వుకోకండి, బరువు వెయ్యి కిలోలకు కాస్త అటూ ఇటూ అంతే. మూత తెరిచినట్టు లేచే హెడ్‌లైట్లు 1997 దాకా వచ్చిన ఈ మొదటి తరానికే ఉన్నాయి. మా వీధి పిల్లలు ఇప్పటికీ "అంకుల్, ఒకసారి కళ్లు తెరిపించండి" అని అడుగుతారు.

నడపడం గురించి ఎంత రాసినా తక్కువే. గేర్ రాడ్ చిన్నది, మణికట్టు కదిపితే చాలు, పడాల్సిన చోట టక్కున పడుతుంది. ఇంజిన్ ముందు, తిరిగేవి వెనక చక్రాలు, బరువు ముందూ వెనకా దాదాపు సమానం. మలుపులో బండి ఏం చేయబోతోందో నడుముకు ముందే తెలిసిపోతుంది. 70 కిలోమీటర్ల వేగంలోనే 120లో పోతున్నంత సంబరం. టాప్, అంటే మడిచే పైకప్పు, దించడానికి సీట్లోంచి లేవక్కర్లేదు. వెనక ప్లాస్టిక్ కిటికీ జిప్ విప్పి, రెండు క్లిప్పులు తీసి వెనక్కి తోస్తే సరి. జిప్ విప్పకుండా మడిస్తే ప్లాస్టిక్ మీద గీత పడి, ఒక చలికాలం గడిచేసరికి అక్కడే పగులుతుంది. ఇది నేను డబ్బు కట్టి నేర్చుకున్న పాఠం.

కష్టాలూ ఉన్నాయి. నలుగురున్న ఇంట్లో రెండు సీట్ల కారంటే ఎప్పుడూ ఇద్దరు అలుగుతారు. డిక్కీలో పాతిక పౌండ్ల బియ్యం బస్తా, ఒక సంచీ పడితే అదే గొప్ప. హైవే మీద గంట నడిపితే చెవులు గుయ్యిమంటాయి. పెద్ద ట్రక్కుల పక్కన పోతుంటే వాటి చక్రాలు దాదాపు మన తల ఎత్తులో తిరుగుతుంటాయి, ఆ టెన్షన్ నాకు ఇప్పటికీ పోలేదు.

అసలు శత్రువు మాత్రం తుప్పు. ఇక్కడ చలికాలంలో మంచు కరగడానికి రోడ్ల మీద ఉప్పు చల్లుతారు. ఇంకో సంగతి, టాప్ మీద పడిన వాన నీళ్లు పోవడానికి సీట్ల వెనక మూలల్లో రెండు సన్నని గొట్టాలుంటాయి. ఆకులు పడి అవి మూసుకుపోతే నీళ్లు తలుపుల కింది పట్టీల్లోకి దిగి, లోపల్నుంచి తినేస్తాయి. పైకి రంగు నిగనిగలాడుతూనే ఉంటుంది, వేలితో నొక్కితే అప్పడంలా విరుగుతుంది. నాకంటే ముందు వాడినవాళ్లు ఆ గొట్టాలను ఎప్పుడూ శుభ్రం చేసినట్టు లేదు, నేనూ మొదటి నాలుగేళ్లు చేయలేదు. రెండు వైపులా కోసి కొత్త రేకు అతికించడానికి 2,600 డాలర్లయింది. కారు కొన్న ధరకు ఆరు వందలే తక్కువ.

ఇక లెక్క. కొత్త టాప్, టైమింగ్ బెల్టు, వాటర్ పంపు, క్లచ్, మూడు జతల టైర్లు, బ్రేకులు, రేడియేటర్, తుప్పు పని, చిల్లర మరమ్మతులు కలిపి 14 ఏళ్లలో 9,400 డాలర్లు. కొన్న 3,200 కలిపితే 12,600. చీటీలో ఉన్న 7,500 తీసేస్తే పోయింది 5,100. పెట్రోలు, ఇన్సూరెన్స్ ఇందులో వేయలేదు, వేస్తే మా ఆవిడ ఆ మాట వెనక్కి తీసుకుంటుంది. పైగా 2010 నాటి 3,200 అంటే ఈనాటి లెక్కలో సుమారు 4,600. ధర రెట్టింపు దాటిందని మురిసిపోయిన ఆ పెరుగుదలలో దాదాపు మూడో వంతు డాలరు విలువ తగ్గడం వల్లే వచ్చింది.

ఇంకొంచెం వెనక్కి వెళితే ఇంకా విచిత్రం. 1990 మోడల్ కొత్తగా వచ్చినప్పుడు ఇక్కడ ధర 13,800 డాలర్లు. ఈనాటి డబ్బులో చూస్తే 33,000 పైమాటే. అంటే ఆ రోజుల్లో షోరూంలో కొని, మంచిగా వాడి, ఇప్పుడు పది వేలకు అమ్మేవాడు కూడా నష్టంలోనే ఉన్నాడు. "పెరుగుతోంది" అని మనం అనేదల్లా గోతిలో అడుగు దాకా పడ్డాక పైకి పాకడమే. ఆ అడుగున కొన్నవాళ్లకే ఏమైనా మిగులుతుంది.

మరి ముందు ముందు పెరుగుతుందా? లక్షల్లో తయారైన కారుకు నాకు గుర్తొచ్చే పాత సాక్షి ఎంజీబీ అనే బ్రిటిష్ స్పోర్ట్స్ కారు. 1962 నుంచి 1980 దాకా అయిదు లక్షలకు పైగా చేశారు. ఇప్పటికీ అందమైన కారే, ఇప్పటికీ విడి భాగాలు దొరుకుతాయి, ఇప్పటికీ మధ్యతరగతి వాడు కొనగలిగే ధరే. భాగాలు దొరికితే బళ్లు బతుకుతాయి, బళ్లు బతికితే కొరత రాదు. కొరత రానిదే ధర ఎగరదు. జపాన్ స్పోర్ట్స్ కారు డాట్సన్ 240జెడ్ దీనికి అడ్డం తిరిగింది. అదీ తక్కువ ధరకు వేలకు వేలు అమ్ముడైన కారే. కానీ చాలా వాటిని తుప్పు మింగేసింది, మిగిలిన శుభ్రమైన వాటికి ఇప్పుడు గిరాకీ.

మియాటా మొదటి తరం ఒక్కటే నాలుగు లక్షలకు పైగా చేశారు. అన్ని తరాలూ కలిపి 2016లో పది లక్షలు దాటాయి. రెండు సీట్ల స్పోర్ట్స్ కార్లలో ఎక్కువగా అమ్ముడైనదిగా గిన్నిస్‌కెక్కింది. ఇంత మంద ఉన్నచోట కొరత ఎలా వస్తుంది? ఒక దారి ఉంది. చాలా బళ్లను రేసులకు ఎక్కించి గుద్దించారు, కొన్నింటికి ఇంజిన్ బలం పెంచే టర్బోలు తగిలించారు, మిగతావి ఉప్పు రాష్ట్రాల్లో కరిగిపోయాయి. కాబట్టి కారు దొరుకుతుంది గానీ ముట్టుకోని కారు దొరకదు. ఫ్యాక్టరీ నుంచి వచ్చినట్టే ఉండి, మైళ్లు తక్కువున్న వాటికి, 1991లో అమెరికా కోసం చేసిన 4,000 ఆకుపచ్చ బళ్లలాంటి వాటికి ధర పెరుగుతుందనే నా నమ్మకం. జపాన్‌లో కంపెనీయే ఈ తరం కార్లకు పునరుద్ధరణ పథకం పెట్టి, ఆపేసిన కొన్ని భాగాలను మళ్లీ తయారు చేసింది. నాలాంటివాళ్ల బండి మాత్రం ద్రవ్యోల్బణంతో పాటు నడిస్తే అదే పదివేలు.

గుంటూరులో మా బాబాయికి ఆర్ఎక్స్ 100 ఉండేది. 98 సీసీ, రెండు స్ట్రోకులు, వీధి మొదట్లో ఉండగానే ఇంట్లో టీ పెట్టేవాళ్లు, అంత చప్పుడు. 1985 నుంచి 1996 దాకా ఊరూరా కనిపించిన బండి, దాచుకోవాలని ఎవరికి తోస్తుంది? 2006లో పన్నెండు వేలకు అమ్మేశాడు. ఇప్పుడు బాగున్న ఆర్ఎక్స్ 100కు లక్ష దాటి అడుగుతున్నారని ఎవరైనా అంటే, బాబాయి మాట మార్చేస్తాడు. కొనేది ఎవరో చూస్తే అప్పట్లో కాలేజీ గేటు దగ్గర నిలబడి ఆ బండిని చూసిన కుర్రాళ్లు, ఇప్పుడు నలభై అయిదు, యాభై ఏళ్ల వాళ్లు. మియాటాకూ అంతే. ఆ వయసు వాళ్ల చేతిలో డబ్బు ఆడినన్నాళ్లే ఈ మోజు. వాళ్ల పిల్లలకు క్లచ్ తొక్కడమే రాదు, వాళ్లు కొంటారా అన్నది నాకు పెద్ద అనుమానం.

నేను చేసిన తెలివితక్కువ పని ఒకటి చెప్పాలి. 2012లో ఫ్యాక్టరీ స్టీరింగ్ తీసేసి చిన్న స్పోర్ట్స్ స్టీరింగ్ పెట్టించాను. దాంతో ఎయిర్‌బ్యాగ్ కూడా పోయింది. అప్పుడు స్టైల్ అనుకున్నాను, ఇద్దరు పిల్లల తండ్రి చేయాల్సిన పని కాదది. ఇల్లు మారేటప్పుడు పాత స్టీరింగ్‌ను అట్టపెట్టెతో సహా చెత్తలో పడేశాను. ఆ వయసులో ప్రతి మియాటా ఓనరూ ఇలాంటిదేదో చేసే ఉంటాడు, అందుకే ముట్టుకోని కార్లు అంత అరుదు.

ఇప్పుడు కొనాలనుకునేవాళ్లు మైళ్లు చూసి భయపడొద్దు, ఇంజిన్ గట్టిది. 1990, 91 నాటి తొలి ఇంజిన్లలో క్రాంక్ (ఇంజిన్ లోపల తిరిగే ఇరుసు) ముక్కు పొట్టిగా ఉన్నవి ఇబ్బంది పెట్టాయి, అవి మాత్రం తెలిసినవాళ్లకు చూపించి తీసుకోండి. వంగి తలుపుల కింద పట్టీలు నొక్కి చూడండి. సీట్ల వెనక కార్పెట్ తడి ఉందేమో చేత్తో తడమండి. 14 ఏళ్లలో నాకు పోయిన ఆ 5,100ను నెలలకు పంచితే నెలకు ముప్పై డాలర్లు. ఆ డబ్బుకు ఇంత సరదా ఇంకెక్కడా దొరకలేదు, పెట్టుబడి అనుకుంటే మాత్రం బ్యాంకులో వేసుకోండి.

ఆ చీటీ నంబరుకు ఊరికే ఫోన్ చేశాను. కుర్రాడి గొంతు. తుప్పు గురించి అడిగాడు, టాప్ గురించి అడిగాడు, చివర్లో "స్టీరింగ్ ఒరిజినలేనా?" అన్నాడు. కాదన్నాను. కాసేపు ఆగి, "అయితే 6,800" అన్నాడు.

బండి నా దగ్గరే ఉంది. 1994 మియాటా స్టీరింగ్ ఎయిర్‌బ్యాగ్‌తో సహా ఎవరి దగ్గరైనా పడి ఉంటే చెప్పండి.