‘వన్స్ ఇన్ ఎ బ్లూ మూన్’: భీమవరంలో నేను చేరిన స్పోకెన్ ఇంగ్లీషు తరగతులు

రొయ్యల ఎగుమతి వ్యాపారంలో పనిచేస్తున్న నేను, విదేశీ కొనుగోలుదారులతో ఫోనులో మాట్లాడక తప్పని పరిస్థితి రావడంతో, భీమవరంలోని ఒక స్పోకెన్ ఇంగ్లీషు కేంద్రంలో మూడు నెలలు సాయంత్రపు తరగతులకు వెళ్లాను. వ్యాకరణ బోధన మామూలుగానే ఉంది. జాతీయాలు చెప్పే తీరు మాత్రం నా మనసుకు పట్టింది.

అందుకు కారణముంది. 30 కౌంట్ రొయ్య (కిలోకు సుమారు ముప్పై తూగేది) ఎప్పుడెప్పుడు దొరుకుతుందని ఒక కొనుగోలుదారు అడిగినప్పుడు, ‘అమావాస్యకో పున్నానికో వస్తుంది’ అనే ఉద్దేశంతో ‘వన్స్ ఇన్ ఎ బ్లూ మూన్’ అన్నాను. ఆ సరుకు మా దగ్గర ఇంచుమించు దొరకదని గ్రహించి ఆయన ఆర్డరు వేరొకరికి ఇచ్చారు. కేంద్రం వారి పుస్తకంలోనూ ఆ మాటకు నేననుకున్న అర్థమే అచ్చయి ఉంది.

మాస్టారు ఆ పేజీ దగ్గర ఆగి, మన చెరువుల లెక్కతోనే విడమరిచి చెప్పారు. అమావాస్య, పున్నమి పక్షానికొకటి వస్తాయి. ఆ రోజుల్లో రొయ్య గుల్ల విడిచి మెత్తబడుతుందని రైతులు చెరువులో రొయ్యలు పట్టే రోజును ముందుకో వెనక్కో జరుపుకుంటారు. బ్లూ మూన్ అంత తరచుగా రాదు. పున్నమికీ పున్నమికీ నడుమ సుమారు 29.5 రోజులే కాబట్టి, ఒకే ఇంగ్లీషు నెలలో రెండు పున్నములు పడితే రెండోదానికి ఆ పేరు. అది దాదాపు రెండున్నరేళ్లకు ఒకసారి వస్తుంది. 2023 ఆగస్టులో అలాగే వచ్చింది, మనకు అధిక శ్రావణం వచ్చిందీ ఆ ఏడాదే. చంద్రుడు నీలంగా కనిపించాలని ఏమీ లేదు.

తరువాత అందరిచేతా వాక్యాలు రాయించారు. నరసాపురం నుంచి వచ్చే ఒకావిడ ‘మై బ్రదర్ కాల్స్ మీ వన్స్ ఇన్ ఎ బ్లూ మూన్’ అని రాసి, గల్ఫ్‌కు వెళ్లిన తమ్ముడు నల్లపూసైపోయాడని మెల్లగా అన్నారు. ఆ జాతీయానికి ఇంతకంటే దగ్గరి తెలుగు మాట నాకు తోచలేదు. మాటల్లో వాడుకోవచ్చు గానీ ఒప్పంద పత్రాల్లో, ధరల ఉత్తరాల్లో రాయకూడదని, మధ్యనున్న ‘ఎ’ను వదలకూడదని కూడా మాస్టారు హెచ్చరించారు.

రుసుము నెలకు 1,500 రూపాయలు. తరగతికి పాతికమంది ఉండడంతో ఒక్కొక్కరికీ మాట్లాడేందుకు రెండు నిమిషాలకు మించి దొరకదు, ఇది పెద్ద లోపమే. పుస్తకంలోని తప్పును సవరించకుండానే కొత్త బ్యాచ్‌కూ పంచారు కనుక, చేరేవారు ఆ పేజీలో ‘అమావాస్యకో పున్నానికో’ అన్న మాటను కొట్టివేసి ‘ఎప్పుడో గానీ’ అని రాసుకోవాలి.